పెళ్లికి షరతుగా బాప్తిస్మం: తిరుపతి, చిత్తూరు క్రైస్తవ శాఖల మధ్య సహనంపై చర్చ

కోర్లగుంట అన్నయ్య (తిరుపతి)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది తరతరాలుగా లూథరన్ కుటుంబం. మా చెల్లెలికి చిత్తూరు సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు, ప్రార్థనాపరుడు. వాళ్లు ఒక స్వతంత్ర పెంతెకొస్తు సహవాసానికి వెళ్తారు. నిశ్చితార్థం మాటల్లో వాళ్ల పాస్టరు గారు ఒక షరతు పెట్టారు. అమ్మాయి ముంపు బాప్తిస్మం, అంటే నీళ్లలో పూర్తిగా మునిగి తీసుకునే బాప్తిస్మం, తీసుకుంటేనే పెళ్లి జరిపిస్తారట, లేకపోతే అవిశ్వాసితో జోడు కట్టినట్లు అవుతుందట.

అవిశ్వాసి అన్న ఆ మాట దగ్గరే మా ఇంట్లో అందరం ఆగిపోయాం. మా చెల్లెలు పసిబిడ్డగా బాప్తిస్మం పొందింది. పెద్దయ్యాక ప్రశ్నోత్తరి నేర్చుకుని, సంఘం ముందు నిలబడి తన నోటితో విశ్వాసాన్ని ఒప్పుకుని కన్ఫర్మేషన్ తీసుకుంది. ఇప్పుడు సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతోంది. "నా ఒళ్లో ఉన్న బిడ్డ మీద అయ్యగారు పోసినవి ఉత్త నీళ్లా?" అని అమ్మ అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు.

పెళ్లి చెడిపోకూడదు. మా సంఘం ఇచ్చిన బాప్తిస్మం అబద్ధమని ఒప్పుకోవడమూ కుదరదు. ఇలాంటి పరిస్థితి మీలో ఎవరికైనా వచ్చిందా? ఎలా దాటారు?

గూడూరు విశ్వాసి

అన్నా, వందనాలు. నేను పెంతెకొస్తు వాడిని కాబట్టి మా వైపు ఆలోచన చెబుతాను. కోపం తెచ్చుకోకుండా చదవండి.

మా దృష్టిలో అది "మళ్లీ" బాప్తిస్మం కాదు, మొదటిదే. మనిషి మారుమనస్సు పొంది, తానే నిర్ణయించుకుని నీళ్లలోకి దిగాలి. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడు తానే అడిగి రథం దిగాడు. పసిబిడ్డ అడగలేడు. మీ అమ్మగారి కన్నీళ్లను మేము తేలిగ్గా చూడడం లేదు. మా సంఘంలో చాలామంది లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల తల్లుల ప్రార్థనల వల్లే విశ్వాసంలోకి వచ్చామని వాళ్లే సాక్ష్యం చెబుతారు.

అయితే మీ చెల్లెలిని అవిశ్వాసి అనడం మాత్రం తప్పు. బాప్తిస్మం విషయంలో తేడా ఉన్నంత మాత్రాన యేసును ప్రభువని ఒప్పుకున్న మనిషిని ఆ మాట అనకూడదు. మీ గుడిలో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు బాప్టిస్టు బోధకులు. ఆయన బాప్తిస్మ సిద్ధాంతం మీది కాదు, అయినా ఆయన పాటలు పాడుతూనే మీరు రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తున్నారు. మీ పెద్దలు ఆయనను పరాయివాడని అనుకోలేదు. మా వాళ్లు కూడా మిమ్మల్ని అలా అనుకోకూడదు.

మదనపల్లె మాస్టారు

ఈ తగాదా చాలా పాతది, దీని కోసం ప్రాణాలు పోయాయి కూడా. ఆ సంగతి రెండు వైపుల వాళ్లకూ తెలియాలి.

1525లో స్విట్జర్లాండులోని జూరిక్‌లో కొందరు, పసితనంలో పొందిన బాప్తిస్మం చెల్లదంటూ పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నారు. లోకం వాళ్లను అనబాప్టిస్టులు అంది. వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో లిమ్మత్ నదిలో ముంచి చంపారు. పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం కావాలన్నవాడికి నీళ్లతోనే శిక్ష వేశారు. ఆ పని చేసింది సంస్కరణవాదులు, అంటే ప్రొటెస్టెంట్లే. రెండేళ్ల తర్వాత, 1529లో జర్మనీలోని స్పేయర్‌లో కూడిన సామ్రాజ్య సభ రెండోసారి బాప్తిస్మం తీసుకోవడాన్ని మరణశిక్షకు తగిన నేరంగా చేసింది. లూథరన్ పెద్దలు కూడా ఆ హింసను సమర్థించారు. 2010లో లూథరన్ ప్రపంచ సమాఖ్య జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సమావేశమై, అనబాప్టిస్టుల వారసులైన మెనొనైట్లను ఇందుకు బహిరంగంగా క్షమాపణ అడిగింది. ఆ మెనొనైట్లు మనకు దూరం వాళ్లేమీ కాదు, తెలంగాణలో మహబూబ్‌నగర్ ప్రాంతమంతా వాళ్ల సంఘాలే.

కాబట్టి కోర్లగుంట వారు తమ నొప్పి చెప్పుకోవాలి, తప్పకుండా చెప్పుకోవాలి. ముంపు బాప్తిస్మం కోరేవాళ్ల పట్టుదల వెనక కూడా అంత నొప్పే ఉందని గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి. మన పాత చిత్తూరు జిల్లాలో శాఖల సరిహద్దులను మన తాతలు గీయలేదు. 1853లో స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానిది. చిత్తూరు, తర్వాత మదనపల్లె వాళ్ల చేతుల్లో ఉండేవి, వాళ్ల సంఘాలే తర్వాత సి.ఎస్.ఐ.లో కలిశాయి. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు 1860ల్లో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు పనిచేశారు. ఇప్పటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం అదే, కేంద్రం తిరుపతి. మిషన్లు పోటీ పడకుండా ప్రాంతాలను పంచుకున్నాయి. మీ ముత్తాత పుత్తూరు పక్కన కాకుండా పలమనేరు పక్కన పుట్టి ఉంటే మీరు ఈరోజు సి.ఎస్.ఐ. వారు అయ్యేవారు. అంతమాత్రాన సిద్ధాంతం అబద్ధమైపోదు గానీ, గర్వం మాత్రం కొంత తగ్గాలి.

చిత్తూరు విచారణ అక్క

నాది కథోలిక కుటుంబం, మా వారిది సి.ఎస్.ఐ. మాస్టారు చెప్పిన పంపకంలో మేము లేము. ఫ్రెంచి యేసుసభ (జెస్యూట్) గురువులు పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే పుంగనూరు వచ్చారు, ఆ ప్రొటెస్టెంటు మిషన్ల కంటే చాలా ముందు.

తమ్ముడూ, నా అనుభవం చెబుతాను. మా పెళ్లికి మా వారిని మళ్లీ జ్ఞానస్నానం (మీరు బాప్తిస్మం అనేదే) పొందమని ఎవరూ అడగలేదు. నీళ్లతో, తండ్రి కుమార పవిత్రాత్మ నామంలో ఇచ్చిన జ్ఞానస్నానం ఏ సంఘంలో ఇచ్చినా మా తిరుసభ దాన్ని అంగీకరిస్తుంది. అది నిజంగా జరిగిందా అని గట్టి అనుమానం ఉంటేనే, "ఇంతకు ముందు పొందకపోయి ఉంటే" అన్న షరతుతో మళ్లీ ఇస్తారు. ఆయన గుడి నుంచి బాప్తిస్మం పత్రం తెచ్చాం, మా విచారణ (పారిష్) గురువులు దాన్ని బిషప్ గారికి పంపి అనుమతి తెప్పించారు. పిల్లలను కథోలికులుగా పెంచడానికి చేతనైనంత ప్రయత్నిస్తానని నేను మాట ఇచ్చాను. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పారు, దాచలేదు.

అంతా సాఫీగా సాగిందని మాత్రం చెప్పను. ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో నేను సత్ప్రసాదం తీసుకోవడానికి లేస్తాను, ఆయన బెంచీ మీదే కూర్చుంటారు. ఆయన గుడిలో ప్రభువు బల్ల దగ్గరికి రమ్మని నన్ను ప్రేమగా పిలుస్తారు, మా తిరుసభ నియమం ప్రకారం నేను వెళ్లకూడదు. ఒకే ప్రభువును నమ్మే భార్యాభర్తలం ఆ ఒక్క చోట విడిపోతాం. ఇది నాకు ఇప్పటికీ బాధే. నియమాన్ని గౌరవిస్తాను, బాధ లేదని మాత్రం అనలేను.

రేణిగుంట సహోదరుడు

నేను సహోదరుల (బ్రదరెన్) కూడికకు చెందినవాడిని. సహనం పేరుతో సత్యాన్ని పలచన చేయడం నాకు ఇష్టం లేదు. మాస్టారు చరిత్ర చక్కగా చెప్పారు, కానీ చరిత్ర వాక్యం కాదు. ఎఫెసులో పన్నెండుమంది శిష్యులు యోహాను బాప్తిస్మం పొంది ఉన్నా, పౌలు వాళ్లకు ప్రభువైన యేసు నామంలో తిరిగి బాప్తిస్మం ఇప్పించాడు. వాళ్ల పాత బాప్తిస్మాన్ని అవమానించాడని అంటామా? అక్కగారి తిరుసభకు తన బల్ల దగ్గర నియమం ఉండవచ్చు గానీ, చిత్తూరు పాస్టరు గారికి తన సంఘంలో నియమం ఉండకూడదా? పెద్ద శాఖ చేస్తే నియమం, చిన్న సహవాసం చేస్తే మొండితనం అంటున్నామేమో, అందరూ ఆలోచించాలి.

మదనపల్లె మాస్టారు

సహోదరా, మీ చివరి మాట న్యాయమైనది. చిన్న సంఘాలను చిన్నచూపు చూసే అలవాటు మా సి.ఎస్.ఐ.లో ఉంది, ఉందనే చెబుతాను.

ఎఫెసు సంగతికి మాత్రం నా జవాబు ఇది. వాళ్లు పరిశుద్ధాత్మ ఉన్నాడన్న మాటే వినలేదు. కోర్లగుంట వారి చెల్లెలు త్రిత్వ నామంలో బాప్తిస్మం పొందింది. రెండూ ఒకటి కావు. ఇక నియమానికీ సహనానికీ పోటీ ఉందని నేను అనుకోను. మా సి.ఎస్.ఐ. పుట్టుకే అందుకు సాక్ష్యం. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు, మరికొందరు పెద్దలు కూర్చుని ఐక్యతకు పిలుపు ఇచ్చారు. అది నెరవేరడానికి 1947 సెప్టెంబరు 27 దాకా పట్టింది, అజరయ్య గారు 1945లోనే కన్నుమూశారు. అన్నేళ్లు ఎందుకు పట్టింది? ఆంగ్లికన్లకు బిషప్పులు చేతులుంచి అభిషేకించనిదే సేవకుడు కాడు. మెథడిస్టులు, కాంగ్రిగేషనల్ వాళ్లు, ప్రెస్బిటీరియన్లు బిషప్పులు లేకుండానే సేవ చేస్తున్నారు. "మీరంతా మళ్లీ అభిషేకం తీసుకోండి" అని ఒక వైపు అడిగి ఉంటే అక్కడితో ఐక్యత ముగిసేది. ఇప్పుడు చిత్తూరు పాస్టరు గారు అడుగుతున్నది సరిగ్గా అలాంటిదే.

వాళ్లు చేసిన ఏర్పాటు చూడండి. అప్పటికే సేవలో ఉన్నవారందరినీ తిరిగి అభిషేకించకుండానే అంగీకరించారు. అక్కడి నుంచి కొత్తగా వచ్చేవారిని మాత్రం బిషప్పులు అభిషేకిస్తారు. ముప్ఫై ఏళ్ల గడువు పెట్టుకున్నారు. ఈలోగా ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పుకోని సేవకుడిని రుద్దబోమని ప్రతిజ్ఞ చేశారు. ఎవరూ తమ సిద్ధాంతాన్ని వదులుకోలేదు, అవతలివాడి గతాన్ని రద్దు చేయమని అడగనూ లేదు. అందరూ సంతోషంగా వచ్చారని కాదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది ఆనాడు చేరలేదు, విడిగా నిలబడ్డారు. లూథరన్లు, బాప్టిస్టులు అసలు రాలేదు. అయినా వాళ్లతో కలిసి 1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను నడపడం మొదలుపెట్టాం. బాప్తిస్మం విషయంలో ఏకాభిప్రాయం లేనివాళ్లు ఒకే తరగతిలో కూర్చుని పాస్టర్లు అయ్యారు.

మా ఊరి పక్కన ఆరోగ్యవరం ఉంది. 1915లో క్షయరోగుల ఆసుపత్రిగా మొదలైంది. పేరులోనే యూనియన్ మిషన్ అని ఉండేది, ఎందుకంటే పలు శాఖల మిషన్లు కలిసి డబ్బు పెట్టాయి. రిఫార్మ్‌డ్ మిషన్ ప్రాంతంలో కట్టిన ఆ ఆసుపత్రిని నడిపిన డాక్టరు ఫ్రిమొట్ ముల్లర్ డేనిష్ లూథరన్ మిషన్ మనిషి. రక్తం కక్కుతూ వచ్చిన రోగిని నీకు చిలకరించారా, ముంచారా అని అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది.

పుత్తూరు నర్సు

మాస్టారూ, ఆసుపత్రుల్లో అది నిజం. నేను చూశాను. వార్డులో ఫాదర్ వస్తారు, పాస్టరు గారు వస్తారు, ఎవరు చేతులుంచి ప్రార్థించినా రోగి కళ్లు మూసుకుని ఆమెన్ అంటాడు. అతను ఆసుపత్రి గేటు దాటి శ్మశానానికి చేరేసరికి పరిస్థితి మారిపోతుంది.

మా బంధువుల్లో ఒక పెద్దావిడ చివరి రోజుల్లో కొడుకు వెళ్లే సహవాసంలో ముంపు బాప్తిస్మం తీసుకుంది. ఆవిడ చనిపోయాక, తరాలుగా ఆ కుటుంబాన్ని పాతిపెడుతూ వచ్చిన సమాధుల తోటలో చోటు ఇవ్వబోమని అక్కడి పాత సంఘం పెద్దలు అన్నారు. భర్త సమాధి పక్కన ఆవిడ కోసం వదిలిపెట్టిన చోటు ఖాళీగా ఉంది. శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని కొడుకు ఒక్కొక్క పెద్ద ఇంటికీ తిరిగాడు. ఎండ. మంచు గడ్డలు కరిగిపోతున్నాయి. సాయంత్రానికి ఒప్పుకున్నారు, కానీ వాళ్ల అయ్యగారు గేటు దాటి లోపలికి రాలేదు.

అన్నయ్యా, మీ చెల్లెలి విషయంలో తప్పు అవతలి వైపు ఉందని నాకూ అనిపిస్తోంది. కానీ మన పాత సంఘాలు చేసేది కూడా చెప్పకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. బాప్తిస్మం ఎలా ఇవ్వాలో వాదించుకోండి, బతికున్నవాళ్లు జవాబు చెప్పగలరు. చనిపోయినవాళ్ల మీద పగ తీర్చుకోకండి.

పాకాల యువకుడు

ఎవరూ అనడం లేదు కాబట్టి నేను అంటాను. శాఖ అని మనం అంటున్న చోట చాలాసార్లు ఉన్నది కులం. ఒక ఊళ్లో ఈ గుడి ఒక పల్లెవాళ్లది, ఆ గుడి ఇంకో పల్లెవాళ్లది. కొత్త సహవాసాల్లోకి ఇన్ని కులాల వాళ్లు వచ్చి ఒకే చాప మీద కూర్చున్నప్పుడు పాత సంఘాల వాళ్లకు వచ్చే కోపమంతా సిద్ధాంతం మీద ప్రేమేనా? నర్సు అక్క చెప్పిన సమాధుల తోటలో కూడా అసలు అడ్డం ఏదో నాకు అనుమానమే. సంబంధాలు చూసేటప్పుడు శాఖ వేరైనా ఫర్వాలేదు, "మనవాళ్లు" అయితే చాలు అనుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు. కులానికి చూపించే ఆ సర్దుబాటు బాప్తిస్మం దగ్గర ఎందుకు చూపించలేరు?

పుత్తూరు నర్సు

తమ్ముడూ, ఆ పెద్దావిడ విషయంలో రెండు వైపుల వాళ్లదీ ఒకే కులం. మిగతాది నువ్వన్నది నిజమే.

గోవిందరాజస్వామి వీధి

నేను శ్రీవైష్ణవుడిని, మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. కంచి వరదరాజస్వామి గుడిలో పారాయణ హక్కుల గురించి మాలోని రెండు శాఖలు, వడగలై, తెంగలై వారి తగాదా బ్రిటిష్ కాలం నుంచి కోర్టుల్లో నలిగింది. ఇద్దరికీ ఆచార్యుడు రామానుజులే, ఇద్దరికీ శరణాగతే. మా ఇళ్లలో కూడా ఈ తేడా వల్ల సంబంధాలు వదులుకున్న పెద్దలున్నారు. ఒక్కటి అడగాలని ఉంది. ఇంతసేపూ అన్నయ్య, మాస్టారు, సహోదరుడు మాట్లాడారు. ఆ అమ్మాయి ఏమంటోంది?

కోర్లగుంట అన్నయ్య

మంచి ప్రశ్న అడిగారు. ఈ చర్చ మొత్తం తనకు చూపించాను. తను కూడా సభ్యురాలిగా చేరింది. తనే రాస్తుంది.

కోర్లగుంట చెల్లెలు

అందరికీ వందనాలు. గోవిందరాజస్వామి వీధి వారికి ప్రత్యేకంగా.

ముంపు బాప్తిస్మం అంటే నాకు ద్వేషం లేదు. నిజం చెప్పాలంటే, వాళ్ల సహవాసంలో ఒక బాప్తిస్మం ఆరాధన చూశాను. ఒక ముసలాయన నీళ్లలోంచి పైకి లేచి ఏడుస్తూ నవ్విన ముఖం నాకు గుర్తుంది. ఏదో ఒక రోజు దేవుడు నా మనసులో అలాంటి కోరిక పుట్టిస్తే నేను అమ్మకు చెప్పి, మా అయ్యగారికి చెప్పి వెళ్తాను. కానీ పెళ్లి ముహూర్తం దగ్గర పడిందని, కల్యాణ మండపానికి అడ్వాన్సు ఇచ్చారని నేను నీళ్లలోకి దిగితే దేవుడి ముందు ఏమని చెప్పాలి? "నువ్వు మారుమనస్సు పొందావా" అని పాస్టరు గారు అడిగినప్పుడు "పెళ్లి కోసం వచ్చాను" అనే కదా నిజమైన జవాబు? అప్పుడు నేను అబద్ధం చెప్పినట్లు అవుతుంది. నాకు పసితనంలో అమ్మానాన్నలు ఇప్పించిన బాప్తిస్మంలో అబద్ధం లేదు. ఇందులో ఉంటుంది.

గూడూరు విశ్వాసి

చెల్లెమ్మా, నువ్వు చెప్పింది మా పెంతెకొస్తు బోధ. అచ్చంగా అదే. పసిబిడ్డ తానే నిర్ణయించుకోలేదు కాబట్టి ఆ బాప్తిస్మం చాలదని మేము అంటాం. అలాంటప్పుడు పెళ్లి ఆగిపోతుందన్న భయంతో ఒక యువతి తీసుకునే బాప్తిస్మాన్ని మేము ఎలా అంగీకరిస్తాం? అందులో కూడా ఆమె నిర్ణయం లేదు. మా పెద్దల్లో జాగ్రత్తగలవాళ్లు పెళ్లి తేదీ పెట్టుకుని వచ్చినవాళ్లకు బాప్తిస్మం ఇవ్వరు, ఆగమంటారు.

ఆ పాస్టరు గారితో లూథరన్ సిద్ధాంతం గురించి వాదించకండి, తెమలదు. ఆయన సిద్ధాంతాన్నే ఆయన ముందు పెట్టండి. అబ్బాయి కూడా పక్కన ఉండాలి. అబ్బాయి మౌనంగా ఉంటే మాత్రం, చెల్లెమ్మా, అది బాప్తిస్మం కంటే పెద్ద సమస్య.

రేణిగుంట సహోదరుడు

ఈ విషయంలో నేను కూడా గూడూరు వారితో ఏకీభవిస్తున్నాను. సంఘ సభ్యత్వానికి, రొట్టె విరుచుటకు నియమం ఉండవచ్చు, ఉండాలి. పెళ్లిని ఎరగా వేసి తెచ్చే బాప్తిస్మం మాత్రం వాక్యానుసారం కాదు. పెళ్లి తర్వాత ఆమె ఆ సహవాసంలో బల్లలో పాలు పొందలేకపోవచ్చు. దానికి ఆమె, కుటుంబం సిద్ధపడాలి.

చిత్తూరు విచారణ అక్క

చట్టం గురించి కూడా ఒక మాట. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టంలో వధూవరులిద్దరూ ఒకే శాఖ వారై ఉండాలని గానీ, ఒకే రకం బాప్తిస్మం పొంది ఉండాలని గానీ లేదు. పెళ్లి జరిపించే అధికారం ఉన్న పాస్టరు మీ అయ్యగారు కూడా కావచ్చు. పెళ్లి తిరుపతిలో మీ గుడిలో జరిపించుకుని, చిత్తూరులో వాళ్ల సహవాసంలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. ఎవరూ ఓడిపోయినట్లు ఉండదు. ఏ గుడిలో జరిగినా, జరిపించేవారికి లైసెన్సు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కొన్ని చిన్న సహవాసాల్లో ఉండదు, తర్వాత పత్రం కోసం తిరగాల్సి వస్తుంది.

కోర్లగుంట చెల్లెలు

అక్కా, ఆయనతో మాట్లాడాను. పాస్టరు గారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దామని ఆయనే అన్నారు. పెళ్లి మా గుడిలో జరిగినా తనకు అభ్యంతరం లేదట, వాళ్ల నాన్నగారిని ఒప్పించాలి. నాకు ఇంకో భయం ఉంది. రేపు పిల్లలు పుడితే? నేను పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలి అంటాను, ఆయన పెద్దయ్యాక అంటారు. మీ ఇంట్లో ఏం చేశారు?

చిత్తూరు విచారణ అక్క

మాది కొంత సులువు తల్లీ, కథోలికులు, సి.ఎస్.ఐ. వాళ్లు ఇద్దరూ పసిబిడ్డలకు ఇస్తారు. ఏ గుడిలో అన్నదే ప్రశ్న. ఇద్దరికీ మా విచారణలోనే ఇప్పించాం, సండే స్కూలు మాత్రం వాళ్ల నాన్నగారి గుడిలో. మా వారు ఒప్పుకున్నారు, కానీ మా అత్తగారు ఆ రోజు గుడికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు, భోజనానికి మాత్రం ఆగలేదు. తర్వాత ఆవిడను మామూలుగా చేసుకోవడానికి చాలా కాలం పట్టింది.

మీ ఇద్దరి మధ్య తేడా అంతకంటే పెద్దది. సి.ఎస్.ఐ.లో తల్లిదండ్రులు కోరితే బిడ్డను సంఘం ముందు ప్రార్థనతో ప్రతిష్ఠించి, బాప్తిస్మం పెద్దయ్యాక ఇప్పించుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి. మీ లూథరన్ అయ్యగారు అందుకు ఏమంటారో ఇప్పుడే అడుగు. ఆయన కాదంటే ఆ మాట అబ్బాయికి ఇప్పుడే చెప్పు, పెళ్లయ్యాక కాదు. పాస్టరు గారి దగ్గరికి వెళ్లేలోపు ఈ ఒక్క విషయం మీ ఇద్దరూ ఒంటరిగా కూర్చుని తేల్చుకోండి, మీ అన్నయ్యను కూడా పిలవకుండా.

కోర్లగుంట అన్నయ్య

నేను రానులే అక్కా. అమ్మకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. పాస్టరు గారిని ఇంటికి భోజనానికి పిలవమంటోంది, పెళ్లి మాటలు ఎత్తకుండా.